గొంతు మారుతున్న పిల్లవాడిని క్రైస్తవ మ్యూజిక్ క్యాంపుకి పంపొచ్చా?

తిరుపతి అమ్మ:
అందరికీ వందనాలు. మా అబ్బాయికి తొమ్మిదో తరగతి అయిపోయింది, సండే స్కూల్ రోజుల నుంచీ చర్చి క్వయిర్‌లో పాడుతున్నాడు. మే నెలలో మదనపల్లె వైపు వారం రోజుల యూత్ మ్యూజిక్ క్యాంపు ఉందని మా పాస్టర్‌గారు చెప్పారు. అక్కడే ఉండాలి, చివరి రోజు సాయంత్రం తల్లిదండ్రుల ముందు పాడిస్తారట. వాడికి వెళ్లాలని చాలా ఉంది. కానీ క్రిస్మస్ నుంచి గొంతు బొంగురుపోయి, పై స్వరాలకి వెళ్తే చీలిపోతోంది. మొన్న ఆదివారం పాట మధ్యలో ఆపేసి కూర్చున్నాడు. అక్కడ అంతమందిలో అలా అయితే ఇక పాడటమే మానేస్తాడేమోనని నాకు టెన్షన్. నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవడం రాదు, విని పాడతాడు, కీబోర్డు కొంచెం వాయిస్తాడు. వాళ్ల నాన్నగారేమో వచ్చేది టెన్త్, ఇంట్లో ఉండి చదువుకోనీ అంటున్నారు. పిల్లల్ని పంపినవాళ్లు ఉంటే చెప్పండి.

చిత్తూరు క్వయిర్ అన్న:
అక్కా, ఈ వయసులోనే పంపాలి. మగపిల్లలకి ఎక్కువగా 12 నుంచి 15 ఏళ్ల మధ్య స్వరతంతువులు పొడవై, మందమై గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే స నుంచి పై స దాకా ఉన్నంత, కిందికి దిగుతుంది. ఆ నెలల్లో చీలడం మామూలే, జబ్బు కాదు. చర్చిలో ముందు నిలబడి పాడేవాళ్లు తమ గొంతుకి సరిపడా శ్రుతి పెట్టుకుంటారు, దాన్ని అందుకోవాలని పిల్లవాడు అరుస్తాడు, అక్కడే చెడేది. నేను సాయం చేసే క్యాంపులో మొదటి రోజే ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, కీబోర్డు మీద ఒక్కో స్వరం వాయిస్తూ గొంతు హాయిగా ఎక్కడిదాకా వెళ్తోందో చూసి పై గొంతు నుంచి కింది గొంతు దాకా సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే నాలుగు వరసల్లో కూర్చోబెడతాం, అదే పాటలో ఒక్కో వరసకి ఒక్కో బాణీ ఉంటుంది. ఐదారు స్వరాలే పలికినా సరే, వాటిలోనే పాడేలా ఒక వరస రాసిస్తాం.

అసలు కష్టం గొంతుది కాదు. చిన్నప్పటి నుంచీ అందరితో కలిసి ఒకే వరస పాడినవాడు, పక్కవాడు ఆ వరస పాడుతుంటే తాను వేరే స్వరం మీద నిలబడాలి. మొదట్లో అందరూ అసలు పాటలోకే జారిపోతారు. చెవి పెట్టి పక్కవాళ్లని వినడం మొదలుపెట్టాక నాలుగు వరసలూ ఒక్కసారిగా కుదురుకుంటాయి, అప్పుడు చూడాలి ఆ పిల్లల ముఖాలు! ఇంట్లో ఒక్కడే ఎంత సాధన చేసినా ఇది రాదు.

నొటేషన్ గురించి దిగులు వద్దు, చాలామంది రాకుండానే వస్తారు, సరిగమలతో కలిపి సోల్ఫా (డో, రే, మీ) నేర్పుతారు. మన జాతీయ గీతానికి 1919లో మార్గరెట్ కజిన్స్ నొటేషన్ రాసింది మదనపల్లె కాలేజీలోనే అని పిల్లలకి చెప్తే ఎంత ఉత్సాహపడతారో.

కీబోర్డు చెల్లి:
నేను వెళ్లొచ్చాను ఆంటీ, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. గొంతు మారే అబ్బాయిలు మా బ్యాచ్‌లో ఒక వరస నిండా ఉన్నారు, ఎవరూ ఎవరినీ చూసి నవ్వలేదు. పొద్దున ప్రార్థన, తర్వాత ఊపిరి కసరత్తులు, ఏ వరస వాళ్లకి ఆ వరస ప్రాక్టీసు, ఎండపూట విశ్రాంతి, సాయంత్రం ఆటలు, రాత్రి అందరూ కలిసి మైకులు లేకుండా పాడటం.

కీబోర్డు వాయిస్తాడన్నారు కాబట్టి ఇంకో మాట. చాలామంది పిల్లలు శ్రుతిని దానంతటదే మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి అన్ని పాటలూ సి స్కేల్ మెట్ల మీదే వాయిస్తారు, అక్కడ ఆ బటన్ ముట్టుకోనివ్వరు. మన పాత కీర్తనల మీద రాగం, తాళం రాసి ఉంటాయి కదా, వాటిని చూసి కార్డ్స్ (పాటకి తోడుగా కలిపి నొక్కే స్వరాలు) ఎంచుకోవడం నేర్పించారు. మోహన రాగం పాటని సి నుంచి వాయిస్తూ ఎఫ్ కార్డ్ వేస్తే అందులో మధ్యమం (మ) వస్తుంది, మోహనలో మధ్యమమే లేదు. ఇది తెలిశాక పాట వినే తీరే మారిపోయింది నాకు.

పలమనేరు నాన్న:
పంపండి, కానీ ముందు ఫోన్ చేసి కనుక్కోండి. మా పాప వెళ్లిన ఒక చోట వారమంతా చివరి రోజు వీడియో కోసం డాన్సులతోనే సరిపోయింది, పాట నేర్పిందే లేదు. రోజుకి ఎన్ని గంటలు ప్రాక్టీసు, సోలో బలవంతంగా పాడిస్తారా, రాత్రిళ్లు పిల్లల దగ్గర ఎవరుంటారు, ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయనిస్తారు, ఇవన్నీ అడగండి. టెన్త్ అంటారా, ఏడాది చదువులో ఒక్క వారం ఏమంత లెక్క అని బాబు వాళ్ల నాన్నగారికి చెప్పండి.

తిరుపతి అమ్మ:
అందరికీ థ్యాంక్స్. ఫోన్ చేశాను, సోలో ఇష్టమైతేనే అన్నారు, వరసలు విడివిడిగా నేర్పుతారట. వాళ్ల నాన్నగారు కూడా సరే అన్నారు. పీలేరు మీదుగా బస్సులో వెళ్లాలి, కీబోర్డు కూడా మోసుకెళ్లాలా?

చిత్తూరు క్వయిర్ అన్న:
వద్దక్కా, మామూలుగా అక్కడే ఉంటాయి, ఒకసారి అడిగి చూడండి. కీర్తనల పుస్తకం, నీళ్ల సీసా, పెన్సిల్ పెట్టండి. పెన్ను వద్దు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తులు పెట్టుకుంటారు, రోజూ చెరిపి మార్చాల్సి వస్తుంది. బయల్దేరేలోపు ఆదివారాలు కింది శ్రుతిలో పాడనివ్వండి, అందని చోట ఊరికే వింటూ నిలబడమనండి.