హొరేస్ సిల్వర్: 1965 దగ్గర ఆపేయొచ్చా?

నల్లరికార్డు:
మొన్న ఈ వేదికలో మన కొత్తచెవి తమ్ముడు "జాజ్ ఇప్పుడిప్పుడే వింటున్నా, హార్డ్ బాప్ ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడిగాడు. అమెరికన్ పియానిస్టు హొరేస్ సిల్వర్‌తో మొదలుపెట్టమని ఆరు రికార్డులు రాసిచ్చాను. జాజ్ మెసెంజర్స్ బృందంతో చేసినది (1954-55 సెషన్లు), సిక్స్ పీసెస్ ఆఫ్ సిల్వర్ (1956), బ్లోయిన్ ద బ్లూస్ అవే (1959), విలేజ్ గేట్ క్లబ్బులో లైవ్‌గా తీసిన డూయిన్ ద థింగ్ (1961), సాంగ్ ఫర్ మై ఫాదర్ (1964), ద కేప్ వెర్డియన్ బ్లూస్ (1965). కింద ఒక ముక్క తగిలించాను, "ఆ తర్వాతవి వినకపోయినా నష్టం లేదు" అని. ఎడమచేయి గారికి దాని మీద కోపం వచ్చింది. మోడరేటర్ వేరే థ్రెడ్ పెట్టుకోమన్నారు. ఇదిగో పెట్టాను. నా మాట మీదే ఉన్నాను.

ఎందుకో కూడా చెప్తా. అంతకుముందు వచ్చిన బెబాప్ జాజ్ వాళ్ళ వేగం మామూలు జనానికి అందేది కాదు. సిల్వర్ దాన్ని చర్చి పాట పక్కన, బ్లూస్ పక్కన కూర్చోబెట్టాడు. అదే హార్డ్ బాప్. వినేవాడి కాలు దానంతటదే ఆడుతుంది. ఉండేది ఐదుగురే: ట్రంపెట్, టెనార్ శాక్సోఫోన్, పియానో, బేస్, డ్రమ్స్. ట్రంపెట్ మీద బ్లూ మిచెల్, టెనార్ మీద జూనియర్ కుక్ 1958 నుంచి 1964 దాకా ఆయన పక్కన ఊదారు. ఇద్దరికీ కలిపి ఒకటే ఊపిరితిత్తులేమో అనిపిస్తుంది. అలాంటి మనిషి 1970కి వచ్చేసరికి ఎలక్ట్రిక్ పియానో పట్టుకుని, పాటగాళ్ళను నిలబెట్టి, యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ మైండ్ అని మూడు ఆల్బమ్‌ల ప్రవచనం చెప్పాడు. అందులో ఒక పాట పేరు "యాసిడ్, పాట్ ఆర్ పిల్స్". మత్తు మందులు మంచివి కావండీ అని చెప్పడానికి హొరేస్ సిల్వరే కావాలా?

ఖరగ్‌పూర్ బాబాయ్:
సాంగ్ ఫర్ మై ఫాదర్‌లో మూడో పాట "కలకత్తా క్యూటీ". మాది మూడు తరాలుగా ఖరగ్‌పూర్ రైల్వే. కలకత్తా రెండున్నర గంటలు. ఈ పాట వంద సార్లు విన్నాను. ఇందులో కలకత్తా ఎక్కడుందో ఎవరైనా చెప్పగలరా?

ఎడమచేయి:
బాబాయ్ గారూ, మీ ప్రశ్నకు తర్వాత వస్తా.

నల్లరికార్డు గారూ, 1965 దగ్గర గీత గీశారు. 1966లో ద జోడీ గ్రైండ్ ఏం పాపం చేసింది? మీ లిస్టులోని కేప్ వెర్డియన్ బ్లూస్‌లో ట్రంపెట్ వుడీ షాదే కదా, ఇందులోనూ ఆయనే. 1968లో సెరెనేడ్ టు ఎ సోల్ సిస్టర్: కొన్ని పాటల్లో టెనార్ మీద స్టాన్లీ టరెంటైన్, మిగతావాటిలో డ్రమ్స్ మీద బిల్లీ కాబమ్. 1996లో ద హార్డ్‌బాప్ గ్రాండ్‌పాప్. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి టెనార్ మీద మైకేల్ బ్రెకర్‌ను, బేస్ మీద రాన్ కార్టర్‌ను పక్కన పెట్టుకుని చేశాడు. పేరులోనే "హార్డ్ బాప్ తాతయ్యను" అని తన మీద తనే జోకేసుకున్నాడు. ఇవేవీ వినక్కర్లేదా?

ఇంకో మాట. 1955 ఫిబ్రవరిలో "ద ప్రీచర్" రికార్డు చేసే ముందు, ఇది మరీ పాతకాలపు ట్యూన్‌లా ఉంది, వద్దు అన్నది సిల్వర్ రికార్డు కంపెనీ బ్లూ నోట్ యజమాని ఆల్ఫ్రెడ్ లయనే. సిల్వర్ పట్టుబట్టాడు. చివరికి ఆయన్ని జనానికి పరిచయం చేసిన ట్యూన్లలో అదొకటి అయింది. ఆ రోజు లయన్ కుర్చీలో మీరుంటే అది కూడా మీ "వినక్కర్లేదు" లిస్టులోకే పోయేది.

జెర్సీ మావయ్య:
మీరిద్దరూ కొట్టుకుంటున్నది సిల్వర్ పియానో గురించి కాదు, దాన్ని రికార్డు చేసిన ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ వినిపించే పియానో గురించి. 1959 దాకా న్యూజెర్సీ హాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో రికార్డింగులు చేశాడు. పగలు కళ్ళ పరీక్షలు చేసి అద్దాలు రాసిచ్చేవాడు, అది ఆయన ఉద్యోగం. తర్వాత ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో స్టూడియో కట్టాడు. మా ఇంటి నుంచి కారులో పావుగంట. ఆయన ట్రంపెట్‌ను మన ముఖం మీదకి తెస్తాడు, పియానోను మాత్రం చెక్కపెట్టెలో పెట్టి మూతేస్తాడు. ముందు అది తేలనివ్వండి.

నల్లరికార్డు:
మావయ్యా, ఆ చెక్కపెట్టె శబ్దమే నాకు ప్రాణం. అది వేరే గొడవ.

ఎడమచేయి గారూ, "ద ప్రీచర్" మీకే ఎదురు తిరుగుతుంది చూడండి. దాని పేరు బోధకుడు. కానీ అందులో ఒక్క బోధ లేదు, ఒక్క మాట లేదు. చర్చి అంతా ఆ తాళంలోనే ఉంది. 1970లో మాట వచ్చింది, తాళం పోయింది. 1974లో స్టీలీ డాన్ అనే రాక్ బృందం వాళ్ళు తమ హిట్ పాట మొదట్లో ఎత్తుకున్నది దేన్ని? "సాంగ్ ఫర్ మై ఫాదర్"లో బేస్, పియానో కలిసి వాయించే ఆ ముక్కనే. 1970 నాటి ప్రవచనాల్లోంచి వాళ్ళు ఏమీ ఎత్తుకోలేదే?

నా అనుభవం కూడా వినండి. 2019లో ఒక పాత రికార్డుల దుకాణంలో సిల్వర్ ఎన్ వాయిసెస్ అనే ఆయన రికార్డు కనబడింది. దుకాణంవాడు 2,800 చెప్పాడు. పాత సిల్వర్ లాగే ఉంటుంది సార్ అన్నాడు. బ్లూ నోట్ లేబుల్ చూసి కళ్ళు మూసుకుని కొన్నాను. ఇంటికొచ్చి పెడితే కోరస్ మొదలైంది. వంటింట్లోంచి మా ఆవిడ "ఏం యాడ్ అండీ అది?" అంది. వెనక్కి తీసుకోమంటే, ఒకసారి సూది పెట్టాక తీసుకోం అన్నాడు. అది ఇప్పటికీ బీరువా వెనకాలే ఉంది.

కొత్తచెవి:
అన్నా, నేను అడిగింది ఎక్కడ మొదలుపెట్టాలని. ఎక్కడ ఆపాలని కాదు.

ఎడమచేయి:
దుకాణంవాడు మోసం చేస్తే సిల్వర్ మీద కేసు పెడతారా? అది 1976 ఆల్బమ్. పేరులోనే వాయిసెస్ అని ఉంది. గొంతులు వినబడక ఏం వినబడతాయి?

పాప్ వాళ్ళు ఎత్తుకున్నదే కొలతైతే ఇక మనకు ఈ వేదికెందుకు, హిట్ల లిస్టు పెట్టుకుంటే సరిపోయె. సరే, మీ దారిలోనే వస్తా. బ్లోయిన్ ద బ్లూస్ అవే మీ లిస్టులోదే. అందులో "పీస్" ఉంది కదా. పది బార్ల పాట, అంటే పది తాళం ఆవృత్తాలు. మామూలుగా ఉండే పన్నెండూ కాదు, ముప్ఫైరెండూ కాదు. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియనివ్వకుండా మళ్ళీ మొదటికి వస్తుంది. ఇప్పుడు దట్ హీలిన్ ఫీలిన్ (1970) తీయండి. మీరు ప్రవచనం అన్న మూడింటిలో అది మొదటిది. అందులోనూ "పీస్" ఉంది, ఆండీ బే పాడాడు. అదే ట్యూన్, అదే పది బార్లు. 1959లో ట్రంపెట్ చెప్పిన మాటే 1970లో గొంతు చెబుతోంది. ఆ పదకొండేళ్ళలో మనిషి మారిపోయాడని మీరు ఎలా అంటారు?

ఖరగ్‌పూర్ బాబాయ్:
"పీస్" సరే. కలకత్తా?

నల్లరికార్డు:
విన్నాను. రెండూ విన్నాను. ఆండీ బే గొంతు గురించి నేనేమీ అనను, ఆయన గొప్పవాడు. కానీ 1959లో బ్లూ మిచెల్ ఆ స్వరం పట్టుకుని ఆగినప్పుడు ఆ ఖాళీలో నా శాంతి ఏదో నేను వెతుక్కుంటాను. పాటలో పెట్టగానే శాంతి అంటే ఏమిటో ఇంకొకడు నాకు చెబుతున్నాడు. మీకు ఈ తేడా తెలియడం లేదంటే, సారీ, మీకు కావాల్సింది విమర్శ కాదు, భజన. ఆయన ఏం చేసినా ఆహా అనాలి.

ఎడమచేయి:
మీకు కావాల్సింది సంగీతం కాదు, ఫర్నిచర్. కొన్నరోజు ఎక్కడ పెట్టారో అక్కడే ఉండాలి, కాళ్ళు రాకూడదు.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. సంగీతం గురించి మాట్లాడండి, మనుషుల గురించి కాదు.

ఎడమచేయి:
మనుషుల గురించే మాట్లాడతాను మోడరేటర్ గారూ, తర్వాత తీసేస్తే తీసేయండి.

సాంగ్ ఫర్ మై ఫాదర్ కవర్ మీద టోపీ పెట్టుకుని చుట్ట పట్టుకున్న పెద్దాయన సిల్వర్ నాన్న. కేప్ వెర్డ్ దీవుల నుంచి కనెక్టికట్ వచ్చి స్థిరపడ్డ మనిషి. ఇంట్లో చుట్టాలు చేరినప్పుడు వాళ్ళ ఊరి పాటలు వాయించేవాడు. ఆ కవర్ చూసినప్పుడల్లా నాకు మా నాన్న గుర్తొస్తాడు. మా నాన్న క్లారినెట్. గోదావరి జిల్లాల్లో పెళ్ళి బ్యాండు. ముప్ఫై ఏళ్ళు సినిమా పాటలు వాయించాడు. యాభై దాటాక సొంతంగా ట్యూన్లు కట్టాడు, పదో పన్నెండో. పొద్దున్నే పెరట్లో కూర్చుని వాయించేవాడు. ఒక పెళ్ళిలో ధైర్యం చేసి ఒకటి మొదలుపెడితే, పెళ్ళికూతురి మేనమామ వచ్చి "అది వద్దయ్యా, నువ్వు బాగా వాయించే ఆ పాతవి వాయించు" అన్నాడు. తిట్టలేదు. మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. మా నాన్న నవ్వి, రీడ్ తుడుచుకుని పాతది అందుకున్నాడు. తాళాలు కొడుతూ నేను పక్కనే ఉన్నాను. పద్నాలుగేళ్ళు నాకు.

"ఆ తర్వాతవి వినకపోయినా నష్టం లేదు" అని మీరు రాస్తే నాకు ఆ మేనమామ గొంతే వినబడింది. సిల్వర్‌కు సొంత పబ్లిషింగ్ ఉండేది, తన పేరే తిరగేసి ఎకారో అని పెట్టుకున్నాడు. బ్లూ నోట్ అయిపోయాక సిల్వెటో అని సొంత లేబుల్ పెట్టుకున్నాడు. వద్దన్నవాళ్ళను దాటుకుని పోగలిగాడు. అందరికీ అది కుదరదు.

జెర్సీ మావయ్య:
ఇది ముందే చెప్పాల్సింది బాబూ. నేను పియానో గొడవ పక్కన పెడుతున్నా.

నల్లరికార్డు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నా. ఫర్నిచర్ అన్న మాట గుచ్చుకుంది, అది అలా ఉండనీయండి.

నాకు జాజ్ పరిచయం చేసింది మా చిన్న మేనమామ. మీ కథలోనూ మేనమామే, ఏం చేస్తాం. గిటార్ వాయించేవాడు. నా పన్నెండో ఏట సిల్వర్ "సిస్టర్ శాడీ" వినిపించి, పియానో మీద ఆ ఎడమచేయి చూడు, కింద డ్రమ్ములా ఎలా గొణుగుతోందో అని చూపించాడు. తర్వాత ఏదో గుంపులో చేరాడు. పేరు అనవసరం. ఆరోగ్యం, ఆహారం, ఆలోచనల శుద్ధి అంటూ మొదలైంది. రెండేళ్ళలో గిటార్ అమ్మేశాడు, రికార్డులు అమ్మేశాడు. ఇంటికి వెళ్తే ఉపన్యాసం. నాతో పాట గురించి మాట్లాడిన మనిషి పోయి, నాకు పాఠం చెప్పే మనిషి మిగిలాడు. ఇప్పటికీ ఉన్నాడు, ఫోన్ చేస్తాడు, నా బీపీకి ఏం తినాలో చెబుతాడు. దట్ హీలిన్ ఫీలిన్ పెట్టినప్పుడల్లా నాకు ఆ ఫోనే మోగుతుంది. మీ నాన్నగారు సొంత ట్యూన్ వాయించారు. మా మామ ట్యూన్ వదిలేశాడు. మీరు రెండూ ఒకటే అంటున్నారు, నేను కాదంటున్నాను.

ఎడమచేయి:
ఒకటే అని నేను అనలేదు. కానీ సిల్వర్ పియానో అమ్మేయలేదు కదా. ఆ మూడు ఆల్బమ్‌లలోనూ కూర్చుని వాయిస్తూనే ఉన్నాడు. మీరు మీ మామగారి మీద కోపం ఆయన మీద చూపిస్తున్నారు.

నల్లరికార్డు:
మీరు పెళ్ళివారి మీద కోపం నా మీద చూపించలేదా?

ఎడమచేయి:
చూపించాను.

కొత్తచెవి:
నేను నిన్న దట్ హీలిన్ ఫీలిన్ మొత్తం విన్నా. సగం నచ్చింది, సగం నచ్చలేదు. ఎలక్ట్రిక్ పియానో అయితే మా ఊళ్ళో పాత ఆర్కెస్ట్రా కీబోర్డులా ఉంది. అంటే తిట్టడం కాదు, నాకు అది ఇష్టం.

నల్లరికార్డు:
లిస్టు మార్చను తమ్ముడూ. జోడీ గ్రైండ్ ఒక్కటి కలుపుతా, అది నా తప్పే. ఏడు. "నష్టం లేదు" అన్న వాక్యం తీసేస్తున్నా.

ఎడమచేయి గారూ, మీ నాన్నగారి ట్యూన్లు ఏమైనా రికార్డు చేశారా?

ఎడమచేయి:
ఒక క్యాసెట్ ఉంది. ఎ సైడ్ మీద నాలుగు ట్యూన్లు. బి సైడ్ మీద ఉన్నవాటిపై మా అక్క పెళ్ళి ఆడియో ఎక్కించేశారు. ఎక్కించింది నాన్నే. క్యాసెట్ ఉందిగానీ వినడానికి డెక్ లేదు.

జెర్సీ మావయ్య:
నా దగ్గర మంచి డెక్ ఉంది. సంక్రాంతికి వస్తున్నా, మోసుకొస్తా. క్లారినెట్‌ను చెక్కపెట్టెలో పెట్టనని హామీ.

ఖరగ్‌పూర్ బాబాయ్:
శుభం. ఇప్పుడైనా ఎవరైనా చెప్పండి. "కలకత్తా క్యూటీ" 1963 అక్టోబర్‌లో బ్లూ మిచెల్, జూనియర్ కుక్ ఉన్న పాత బృందంతో తీసినది, "సాంగ్ ఫర్ మై ఫాదర్" ఏమో ఏడాది తర్వాత కొత్త బృందంతో. ఇవన్నీ నాకు తెలుసు. నా ప్రశ్న బృందం గురించి కాదు. కలకత్తా గురించి.