పొటాషియం అయోడేట్ సీసా మీద ‘ఆక్సిడైజర్’: తెలుగులో ఏమందాం?

ప్రశ్న: ల్యాబ్ సీసాల లేబుళ్లు తెలుగులో రాస్తున్నాను. పొటాషియం అయోడేట్ మీద వలయం, దానిపైన మంట బొమ్మ, కింద ‘ఆక్సిడైజర్’ అని ఉంది. ఇంతకుముందెవరో పెన్సిల్‌తో ‘మండే పదార్థం’ అని రాశారు. ఉంచెయ్యొచ్చా?

– వద్దండీ. అయోడేట్ మండదు, మండిస్తుంది. మండేవాటి గుర్తులో వట్టి మంటే ఉంటుంది, వలయం ఉండదు. ఈ పొడిని 560 డిగ్రీల దాకా వేడిచేస్తే ఆక్సిజన్ వదిలి అయోడైడ్ అయిపోతుంది. పక్కన ఏదైనా అంటుకుంటే ఆ ఆక్సిజన్ మంటను ఎగదోస్తుంది. పాఠ్యపుస్తకాల మాట ‘ఆక్సీకరణి’.

– ఆ మాట చర్యలో దాని పాత్ర చెబుతుంది, ప్రమాదం చెప్పదు. సీసా సర్దే అటెండర్‌కి ఏం తెలుస్తుంది? స్కూల్లో ఆక్సిజన్‌ని ‘దహన దోహదకారి’ అనేవారు. అర్థం సరిపోతుంది గానీ నోరు తిరగదు. ‘మంటను పెంచుతుంది’ అంటే చాలదూ?

– రెండూ రాయండి. ఆక్సీకరణి అన్న మాట విద్యార్థులకి కావాలి, ఈ లవణం ల్యాబులో చేసే పనే అది. తేమ పీల్చదు, శుద్ధంగా దొరుకుతుంది. 3.567 గ్రాములు తూచి లీటరు చేస్తే చాలు, 0.1 నార్మల్ ప్రమాణ ద్రావణం, అంటే గాఢత కచ్చితంగా తెలిసిన ద్రావణం, రెడీ. అందులో అయోడైడ్, కాస్త ఆమ్లం కలిపితే అయోడిన్ బయటపడి గోధుమరంగు వస్తుంది. బ్యూరెట్‌లోంచి (కొలత గీతలున్న గొట్టం) గాఢత తేల్చాల్సిన హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం, వదులుతూ లేత పసుపు దాకా తెచ్చి, అప్పుడు స్టార్చ్ వెయ్యాలి. ముదురు నీలం వస్తుంది, చివరి చుక్కకి టక్కున పోతుంది. మా పిల్లలు తొందరపడి స్టార్చ్ ముందే పోసేస్తారు, ఇక ఆ నీలం ఓ పట్టాన వదలదు!

– అయోడైడ్, అయోడేట్ కలిసిపోకుండా చూసుకోండి. అయోడైడ్ క్షయకరణి, అంటే ఎదుటిదానికి ఎలక్ట్రాన్లు ఇచ్చేది, పూర్తిగా ఉల్టా. మన ఉప్పులో కలిపేది అయోడేటే, తేమకి తట్టుకుంటుంది కాబట్టి. దుకాణంలో అమ్మేటప్పటికి ఉప్పులో కనీసం 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో 15) అయోడిన్ ఉండాలని రూలు. ఆ కాస్తకే ఉప్పు మంట పెంచదు లెండి.

– ‘ఆక్సీకరణి, మంటను పెంచుతుంది’ అని రాసేశాను. పక్కన సోడియం పర్‌అయోడేట్ ఉంది, దానికీ ఇదేనా?

– అదే మాట, అదే గుర్తు. ‘పర్’ మాత్రం మింగెయ్యకండి, అందులో ఆక్సిజన్ ఒకటి ఎక్కువ. పక్కపక్క కార్బన్ల మీద హైడ్రాక్సిల్ (OH) సమూహాలుంటే ఆ రెండు కార్బన్ల మధ్య బంధాన్ని తెంపేస్తుంది. 1928లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మలప్రాద్ చూపించిన చర్య అది.