1911 నాటి రూపాయిని వేలానికి ఇచ్చేముందు సలహా కావాలి

నమస్కారం. మేము చెన్నై మైలాపూరులో ఉంటాము. మా తాతగారి ఇనప్పెట్టెలో ఐదో జార్జి బొమ్మతో 1911 నాటి వెండి రూపాయి ఒకటి దొరికింది. రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని అభ్యంతరాలు రావడంతో మరుసటి ఏడాది నుంచి ఆ నమూనాను మార్చారు కాబట్టి, నాణేల సేకరణదారులు దీన్ని ప్రత్యేకంగా వెతుకుతారు. భూతద్దంలో చూస్తే తొండం పొట్టిగా, అచ్చం పంది ముట్టెలాగే ఉంది. నగల కాటాలో 11.6 గ్రాములు తూగింది.

అయితే మా అత్తయ్యగారు, శుభ్రం చేద్దామన్న మంచి ఉద్దేశంతోనే, దాన్ని చింతపండుతో తోమేశారు. అంచున పాత నలుపు మిగిలింది గానీ రాజు చెంప మీద సన్నటి గీతలు పడ్డాయి. తోమిన నాణేనికి విలువ తగ్గుతుందని తరువాత తెలిసి చాలా బాధపడ్డాను.

ఇప్పుడు ఒక వేలం సంస్థవారు కనీస ధర రాయకుండానే ఒప్పందంపై సంతకం చేయమంటున్నారు. అది నాకు సబబుగా తోచడం లేదు. నూరేళ్లు దాటిన నాణెం గనుక 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం విదేశాలకు పంపే వీలు లేదు, దేశంలోనే అమ్మాలి.

గీతలు పడిన నాణేనికి ముందుగా రుసుము కట్టి గ్రేడింగ్ (అంటే నాణెం అసలుదేనా, ఎంత మంచి స్థితిలో ఉందో నిపుణులతో ధ్రువీకరణ) చేయించడం లాభమేనా? కనీస ధర కోసం పట్టుబట్టవచ్చా? అమ్మకందారు నుంచి కమీషన్ ఎంతవరకు తీసుకోవడం న్యాయం? వేలంలో నాణేలు అమ్మిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.