ఓడ ఫిరంగిని ఆకాశం వైపు తిప్పితే సరిపోయేదా?

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో లండన్ మీదికి జెప్పెలిన్లు (గ్యాసుతో తేలే జర్మన్ ఎయిర్‌షిప్పులు) వస్తుంటే ఓడల ఫిరంగుల్ని నేల మీద బిగించి కాల్చారని చదివాను. సైన్యం దగ్గర ఫిరంగులు లేకనా? గొట్టం పైకెత్తితే పని అయిపోయేదా?

జవాబు 1: సైన్యం ఫ్రాన్స్‌లో పీకల్లోతు మునిగి ఉంది. అందుకే 1914 సెప్టెంబరులో దేశాన్ని ఆకాశ దాడుల నుంచి కాపాడే బాధ్యత నౌకాదళం మీద పడింది. వాళ్ళు తమ దగ్గరున్నవే తెచ్చారు. అయినా సైన్యం దగ్గరున్న 18 పౌండర్ ఫిరంగి దీనికి పనికొచ్చేది కాదు. అది 16 డిగ్రీలకు మించి లేవదు. పక్కలకీ కొంచెమే తిరుగుతుంది. ఓడ ఫిరంగి అలా కాదు, స్తంభం మీద కూర్చుని చుట్టూ తిరుగుతుంది.

జవాబు 2: పైకెత్తడంలోనే ఉందండీ అసలు తంటా. పేలగానే గొట్టం వెనక్కి తన్నుకొస్తుంది, దాన్ని మళ్ళీ యథాస్థానానికి నెట్టేది స్ప్రింగులు. అడ్డంగా కాల్చినంతసేపూ వాటికి పెద్ద శ్రమ లేదు. నిటారుగా ఎత్తితే మాత్రం అంత ఇనుమునీ కొండెక్కించాలి! వెనక్కొచ్చిన భాగం నేలకు కొట్టుకోకుండా పీఠమూ ఎత్తు చేయాలి.

ఇవన్నీ వర్క్‌షాపులో తేలే పనులే. తేలనిది ఫ్యూజ్, అంటే షెల్‌ని (ఫిరంగి గుండుని) పేల్చే భాగం. షెల్ ఇన్ని సెకన్లకు పేలాలని ముందే తిప్పి పెట్టాలి, లోపల మందు కాలుతూ ఆ టైము లెక్కపెడుతుంది. పైన గాలి పలచబడే కొద్దీ అది కాలే వేగం మారిపోతుంది. ఇక పామ్‌పామ్‌ల (గబగబా కాల్చే చిన్న ఫిరంగుల) సంగతి మరీ ఘోరం. వాటి షెల్‌కి టైమ్ ఫ్యూజే లేదు. జెప్పెలిన్ గుడ్డ తొడుగుకు తగిలినా పేలేది కాదు, తిరిగి ఊరి మీదే పడేది. 1915 సెప్టెంబరులో లండన్ ఫిరంగుల బాధ్యత తీసుకున్న అడ్మిరల్ పెర్సీ స్కాట్‌కి అవి అస్సలు నచ్చలేదు. వెంటనే పారిస్‌కి మనిషిని పంపి, మోటారు బండి మీద బిగించిన ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగి తెప్పించుకున్నాడు. నన్నడిగితే, ఆ రోజుల్లో విషయం అర్థమైన కొద్దిమందిలో ఆయనొకడు.

ప్రశ్న అడిగినవారు: అయితే ఫిరంగులతో ఒక్క జెప్పెలిన్‌ కూడా కూలలేదా అండీ?

జవాబు 2: కూలింది. 1916 మార్చి 31 రాత్రి ఎల్ 15 అనే జెప్పెలిన్‌కి నేల మీది ఫిరంగి దెబ్బ గట్టిగా తగిలింది. గ్యాసు కారిపోతూ వెళ్ళి థేమ్స్ ముఖద్వారం దగ్గర సముద్రంలో పడింది. అప్పటికి బాధ్యత సైన్యం చేతికి మారి నెలన్నర.

జవాబు 3: ఒక చిన్న చేర్పు. అప్పటి మేటి ఫిరంగి మూడంగుళాల గొట్టం రంధ్రం ఉన్నది. దాన్ని కూడా నౌకాదళం వాడింది కానీ, అది పాత ఓడ ఫిరంగిని మార్చింది కాదు. మొదటి నుంచీ ఆకాశంలోకి కాల్చడానికే చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో కూడా వాడారు.