అప్‌డేట్: సెకండ్ హ్యాండ్ 4x4 పికప్ తీసేసుకున్నా

వైజాగ్‌లో మధురవాడ నుంచి పరవాడ డ్యూటీకి రోజూ తిరగాలి, పండగలకి పాడేరు పైన ఊరెళ్తే ఆఖర్న మట్టి రోడ్డు, మైలేజీ కూడా రావాలి, ఏ పాత 4x4 (నాలుగు చక్రాలకీ ఇంజన్ పవర్ వెళ్ళే) పికప్ తీసుకోమంటారు అని అడిగా కదా, మీలో చాలామంది టాటా జెనాన్, మహీంద్రా గెటవే, ఇసుజు వి-క్రాస్ చెప్పారు. వి-క్రాస్ తీసుకున్నానండీ, 2.5 లీటర్ డీజిల్ మాన్యువల్, వైట్ ప్లేట్ (సొంత వాడకం రిజిస్ట్రేషన్). మన శ్రీసిటీలో తయారైన బండే.

కింద చాసిస్ చూడమన్న అన్నకి చాలా థ్యాంక్స్. బీచ్ పక్కన ఉండే బళ్ళకి ఉప్పుగాలికి తుప్పు ఎలా పడుతుందో లిఫ్ట్ ఎక్కించి చూస్తేనే తెలుస్తది, అంతకుముందు చూసిన ఒక బండి పైకి తళతళలాడుతోంది కానీ కింద వెల్డింగుల దగ్గర పొరలు ఊడొస్తున్నాయి, అందుకే వదిలేశా.

మైలేజీ లీటరుకి 12 కిలోమీటర్ల దాకా వస్తోంది, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ ఉంటే తగ్గుద్ది. రోజూ 2హెచ్‌లోనే (వెనక రెండు చక్రాలకే పవర్) నడుపుతున్నా, ఇది పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ కాబట్టి పొడి తారు రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలకీ పవర్) వెయ్యకూడదు, మలుపుల్లో ముందు వెనక చక్రాలు వేరే వేరే వేగంతో తిరగాలి, 4హెచ్‌లో అలా తిరగలేక గేర్లన్నీ బిగుసుకుంటాయి. పార్కింగే కష్టం, పొడవు 5.3 మీటర్లు మరి. ఇంకా టైర్లు మార్చాలి, ఆల్ టెరైన్ (మట్టి రోడ్డుకీ పనికొచ్చే టైర్లు) వేస్తే మైలేజీ పడిపోద్ది కాబట్టి హైవే టైర్లే వేయిస్తా.