"నీకైతే ఐదు నిమిషాల పని కదా" అనేవాళ్లకు ఏం చెప్పాలి?

లెక్కల టీచర్, సూర్యాపేట జిల్లా

జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా స్టాఫ్‌లో కంప్యూటర్ ముందు జంకు లేకుండా కూర్చునేది నేనే అని అందరికీ తెలిసిపోయింది, తంటా అక్కడే మొదలైంది. బడుల లెక్కలుండే యూడైస్ పోర్టల్‌లో పిల్లల వివరాలు నేనే, ఒక్కో విద్యార్థికి ఇచ్చే అపార్ ఐడీ నంబర్లు నేనే, ఎనిమిదో తరగతి పిల్లల ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ దరఖాస్తులూ నేనే. బడి పని కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు ఫిబ్రవరి, ఇన్‌కమ్ ట్యాక్స్ సీజన్. జీతం బిల్లుతో పాటు ట్యాక్స్ షీటు పెట్టాలి, అందరి చూపూ నా టేబుల్ మీదే.

ఆ "ఐదు నిమిషాలు" ఎలా ఉంటాయో చెబుతాను. నిన్న సోషల్ సార్ ఒక క్యారీబ్యాగ్ తెచ్చి నా ముందు పెట్టారు. అందులో ఎల్‌ఐసీ రసీదులు, వాళ్ల అమ్మాయి ఫీజు కాగితాలు, ఇంటద్దె రసీదులు, మధ్యలో ఒక కరెంటు బిల్లు కూడా. అద్దె ఏడాదికి లక్ష దాటింది, ఇంటి ఓనర్ పాన్ నంబరు కావాలి సార్ అంటే, "ఏదో ఒకటి వేసేయమ్మా" అన్నారు. రసీదులు చూపి ట్యాక్స్ తగ్గించుకునే పాత విధానమా, అవి లెక్కలోకి రాని కొత్తదా అంటే "ఏది తక్కువొస్తే అది." అంటే రెండూ నేనే లెక్కగట్టాలి. డీఏ ఎరియర్లు ఉన్నాయి, పాత బకాయి మీద ట్యాక్స్ తగ్గాలంటే 10ఈ ఫారం వేరే. పోర్టల్ తెరుద్దామంటే పాస్‌వర్డ్ గుర్తు లేదు. ఓటీపీ వచ్చే ఫోన్ వాళ్ల అబ్బాయి దగ్గర, అబ్బాయి హైదరాబాద్‌లో. నా లీజర్ పీరియడూ పోయింది, మధ్యాహ్నం భోజనమూ చల్లారింది. పదో తరగతి పేపర్ల కట్ట ఇంకా విప్పనే లేదు.

ఆయనంటే పెద్దాయన, పోనీ అనుకోవచ్చు. ఇంగ్లిష్ చెప్పే తమ్ముడొకడున్నాడు. "అక్కా, నాకు కంప్యూటర్ రాదక్కా" అంటాడు. అదే తమ్ముడు ఫోన్‌లో షేర్లు కొంటాడు, అమ్ముతాడు, లాభం వచ్చిన రోజు స్క్రీన్‌షాట్ స్టాఫ్ గ్రూపులో పెడతాడు.

పైగా చేసినందుకు మాట పడాలి. పోయినేడు ఒక మేడమ్‌కి జీతంలో కోసిన ట్యాక్స్, మన పేరున జమైంది చూపే 26ఏఎస్‌లో కనబడలేదు. అది కోసిన ట్యాక్స్ లెక్క పంపే 24క్యూ రిటర్న్ వేసేచోట పాన్ నంబరు తప్పు పడటం వల్ల. ఆ రిటర్న్‌తో నాకేం సంబంధం లేదు. అయినా స్టాఫ్‌రూమ్‌లో "ఈవిడ చేసింది కదా" అనే అన్నారు.

మొహం మాడ్చుకోకుండా, ఎదుటివాళ్ల మొహం మాడకుండా ఎలా చెప్పాలి? రేపు నాకు సీఎల్ కావాల్సి వస్తే నా క్లాసు చూసుకునేది వీళ్లే.

పాలమూరు ఎస్‌జీటీ

మేడమ్, ముందు "బిజీగా ఉన్నాను" అనడం మానేయండి. "పర్లేదు, రేపు చేయండి" అని వాళ్ల దగ్గర జవాబు రెడీగా ఉంటది. తలనొప్పి అన్నా అంతే, టాబ్లెట్ తెచ్చిచ్చి మరీ కూర్చోబెడతారు.

నేను చేసేది ఒకటే. కుర్చీ వాళ్లకిచ్చి పక్కన నిలబడతాను. "కూర్చోండి సార్, మీరు కొట్టండి, నేను చెబుతా." మౌస్ మాత్రం ముట్టుకోను. వాళ్లు బాణం గుర్తు కోసం స్క్రీనంతా వెతుకుతుంటే చెయ్యి దురద పుడుతది, అయినా సరే. ఒక్కసారి ముట్టుకున్నారంటే మిగతాదంతా మీ నెత్తినే. మా దగ్గర ఒక సార్ అట్లా కూర్చుని నేర్చుకున్నాడు, ఇప్పుడు పక్క బడివాళ్లకు ఆయనే చెబుతున్నాడు. ఇంకొకాయన "టీ తాగొస్తా" అని లేచి మళ్లీ రాలేదు. మండలంలో నెట్ సెంటర్‌కి పోయి డబ్బులిచ్చి చేయించుకున్నాడట. మనకు రెండూ మంచివే.

షేర్ల తమ్ముడికి మాత్రం నవ్వుతూనే చెప్పండి: "డీమ్యాట్ అకౌంట్ తెరిచినోడివి, ఇదో లెక్కా నీకు?" అందరి ముందు అనండి.

ఖమ్మం నుంచి, రిటైర్‌మెంట్ దగ్గరపడినవాణ్ణి

ఆ క్యారీబ్యాగ్ సార్ లాంటివాణ్ణే నేను, అందుకని రాస్తున్నా. మేం ఉద్యోగంలో చేరినప్పుడు ఈ షీట్లు కార్బన్ పేపరు పెట్టి చేత్తో రాసేవాళ్లం. కొత్తగా వచ్చిన పిల్లలకు మేమే రాసిచ్చాం, ఎవరినీ కూర్చోబెట్టి "నువ్వే రాయి" అనలేదు. సెలవుల్లో ఉన్నవాళ్ల సిలబస్ మేమే లాగాం. అవన్నీ ఇప్పుడు ఎవరికీ లెక్కలోకి రావు.

మీకు తీరిక లేదంటే నమ్ముతాను. కానీ చెప్పేదేదో ముందే చెప్పండమ్మా. జనవరిలో చెబితే నేను మా కోడలితో చేయించుకుంటాను, ఏమీ అనుకోను. బిల్లు పెట్టే ముందురోజు చేతులెత్తేస్తే మాత్రం అది మనసులో ఉండిపోతుంది. ఎంత తియ్యగా చెప్పినా అంతే.

రిటైర్డ్ హెచ్‌ఎం, హనుమకొండ

అమ్మా, సగం గొడవ మీ హెచ్‌ఎం గారిది. ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. పైనుంచి "సాయంత్రంలోగా పంపాలి" అని మెసేజ్ వస్తే, ఎవరు బాగా చేస్తారా అని చూడం, ఎవరు ఎదురుచెప్పరా అని చూస్తాం. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి మరి.

ట్యాక్స్ వాళ్ల సొంత పని, దాన్ని వదిలేయండి. బడి పని సంగతి వేరు. అపార్‌కి తల్లిదండ్రుల సమ్మతి పత్రం కావాలి, ఆధార్‌లో పేరూ అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరూ కలవాలి. ఆ పిల్లవాడికి ఇంటిపేరు ఎక్కడ ముందుందో, ఎక్కడ ఎగిరిపోయిందో, వాళ్ల నాన్నను బడికి పిలిపించాలంటే ఎవరికి కబురు పెట్టాలో క్లాస్ టీచర్‌కి తెలుస్తుంది. ఏడో తరగతి పిల్లల సంగతి మీకెలా తెలుస్తుంది? ఏ తరగతి వివరాలు ఆ తరగతి టీచరే ఎక్కించాలని స్టాఫ్ మీటింగ్‌లో మాట్లాడి, మినిట్స్ రిజిస్టర్‌లో రాయించి సంతకాలు పెట్టించండి. నోటిమాట వారం ఆగదు.

హెచ్‌ఎం గారి దగ్గరికి వెళ్లేటప్పుడు మీ చేతిలో ఉన్న పనులన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. "ఇవి చేస్తున్నాను మేడమ్. కొత్తది ఇస్తే వీటిలో ఏది ఆపమంటారు?" అని అడిగి ఊరుకోండి. ఆ తర్వాత మీరు మాట్లాడకూడదు, ఆవిడే మాట్లాడాలి.

నల్గొండలో ట్యాక్స్ పని చేసేవాణ్ణి

"ఏదో ఒకటి వేసేయ్" అన్నారు చూశారా, మీరు అక్కడే లేచి రావాలి. లేని అద్దె చూపించి దొరికితే ఎగ్గొట్టిన ట్యాక్స్ మీద 200 శాతం దాకా పెనాల్టీ ఉంటుంది. నోటీసు ఆయన పేరు మీదే వస్తుంది, కానీ ఆయన ఎవరి పేరు చెబుతారో మీకు తెలుసు. వాళ్ల పాస్‌వర్డ్‌లు మీ డైరీలో రాసి ఉంటే ఆ పేజీ చింపేసి, ఎవరిది వాళ్ల చేత మార్పించండి.

ఇంకొకటి. 2025-26కి కొత్త విధానంలో రసీదులతో పని లేకుండా జీతంలో తగ్గించే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను మిగిలింది 12 లక్షలు దాటకపోతే జీతం మీద ట్యాక్స్ సున్నా. అంటే జీతం 12.75 లక్షల దాకా. ఆ లోపున్నవాళ్లకు రసీదుల అవసరమే లేదు. కాస్త దాటినవాళ్లకూ మార్జినల్ రిలీఫ్, అంటే ట్యాక్స్‌లో కొంత తగ్గింపు, ఉంది. ఈ సంగతి గ్రూపులో ఒక్క లైను రాస్తే మీ టేబుల్ దగ్గర క్యూ సగం తగ్గుతుంది.

లెక్కల టీచర్, సూర్యాపేట జిల్లా

అందరికీ థాంక్స్. ఖమ్మం సార్, మీ మాట కొంచెం గుచ్చుకుంది, కానీ జనవరిలో చెప్పాలన్నది న్యాయమే. వచ్చే ఏడు అలాగే చెబుతాను. ఈ ఏడాదికి మాత్రం గ్రూపులో ఇలా పెట్టాను:

"అందరికీ నమస్కారం. ఈసారి ట్యాక్స్ షీట్లు నేను చేసివ్వలేను. శనివారం మధ్యాహ్నం కంప్యూటర్ ల్యాబ్‌లో ఉంటాను. జీతం వివరాలు, ఫోన్, పాస్‌వర్డ్ తెచ్చుకుని ఎవరిది వాళ్లు చేసుకోవచ్చు. అనుమానం వస్తే పక్కనే ఉంటాను."

కారణం రాయలేదు, సారీ కూడా రాయలేదు. కాసేపు గ్రూపంతా నిశ్శబ్దం. తర్వాత హిందీ మేడమ్ "సరే" అన్నారు, మిగతావాళ్లు బొటనవేళ్లు పెట్టారు.

సోషల్ సార్‌ని కుర్చీలో కూర్చోబెట్టాను. ఒంటి వేలితో కొట్టారు. ఆయన జీతం 12.75 లక్షలు కొద్దిగా దాటింది, కొత్త విధానంలోనే బాగా తక్కువొచ్చింది. రసీదులు ఒక్కటీ అక్కర్లేకపోయింది. "మరి ఇన్నాళ్లూ ఎందుకు దాచిపెట్టాను?" అని నన్నే కోప్పడ్డారు. తమ్ముడు మాత్రం ల్యాబ్‌కి రాలేదు. నెట్ సెంటర్‌లో చేయించుకున్నాడో, సొంతంగా వేసుకున్నాడో, నేను అడగలేదు.

హెచ్‌ఎం గారి దగ్గరికి కాగితం తీసుకెళ్లాను. పైనుంచి కింద దాకా చదివి, "చూద్దాం" అన్నారు. మినిట్స్ రిజిస్టర్ సంగతి ఎత్తితే, మీటింగ్ పెట్టినప్పుడు గుర్తుచేయమన్నారు.

పాలమూరు ఎస్‌జీటీ

ఆ మీటింగ్ సర్క్యులర్ కూడా మీ చేతే టైప్ చేయిస్తారు మేడమ్, చూస్తుండండి.