46 ఏళ్ళ ఫిట్టర్‌ని, పీఎల్‌సీ (మెషీన్లని నడిపించే కంప్యూటర్) ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఇంట్లో తెలుగు, చదివింది ఒడియాలో. ఐటీఐ ఫిట్టర్ చేసి 24 ఏళ్ళుగా ఒకే మిల్లులో మెయింటెనెన్స్ పని. మోటారు బేరింగ్ దగ్గర స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని గరగరమంటోందా లేదా అని వినేవాళ్ళం. ఇప్పుడక్కడ వైబ్రేషన్ సెన్సర్ బిగించారు. కంట్రోల్ రూంలో కుర్రాడు స్క్రీన్ చూసి "బాబాయ్, మూడో పంపు చూడు" అని ఫోన్ చేస్తాడు. సెన్సర్‌ని తిట్టను, రెండుసార్లు నా చెవి కంటే ముందే పట్టింది.

పీఎల్‌సీ వచ్చినవాళ్ళకే ఇకపై పని అంటున్నారు పైవాళ్ళు. టెన్షన్‌గా ఉంది.

మా అమ్మాయి ఫోన్లో ఏఐ యాప్ పెట్టిచ్చింది. తెలుగులో అడిగితే ఓపిగ్గా చెబుతోంది. పరీక్షిద్దామని 6205 బేరింగ్ లోపలి కొలత అడిగితే 20 మి.మీ. అంది. చివరి 05ని అయిదుతో గుణిస్తే 25 అని మా అప్రెంటిస్ కుర్రాళ్ళకీ తెలుసు. ఇది నాకొచ్చిన పని కాబట్టి దొరికిపోయింది. పీఎల్‌సీకి ప్రోగ్రాం రాసే ల్యాడర్ లాజిక్‌లో తప్పు చెబితే నేనెలా పట్టుకోను?

ఐఐటీల వాళ్ళ ఆన్‌లైన్ ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితమే కానీ ఆ ఇంగ్లీషు వేగం అందుకోలేకపోతున్నాను. విజయనగరం, విశాఖ వైపు ఆదివారాలు చేతికి మెషీనిచ్చి నేర్పేవాళ్ళున్నారా? పార్వతీపురం మీదుగా రైలుంది, రాగలను. ల్యాప్‌టాప్‌లో సిమ్యులేటర్ సరిపోతుందా, పాత పీఎల్‌సీ కొనాలా? నా వయసులో మొదలుపెట్టినవాళ్ళుంటే ఎన్ని నెలలు పట్టిందో కూడా చెప్పండి.